కన్‌ఫోకల్ నేర్చుకుందాం – 3: పిన్‌హోల్ చేసే పని

కన్‌ఫోకల్ అంటే మందమైన శాంపిల్‌ను పొరపొరగా చూపే మైక్రోస్కోపు. పోయిన పాఠంలో ఫ్లోరెసెన్స్, అంటే ఒక రంగు కాంతిని పీల్చి మరో రంగులో వెలగడం, చూశాం. 488 నానోమీటర్ల నీలి కాంతి తగిలితే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ ఆకుపచ్చగా ఎందుకు వెలుగుతుందో తెలుసుకున్నాం. ఈసారి పిన్‌హోల్ ఒక్కటే, అంటే కాంతి దారిలో పెట్టే చిన్న రంధ్రం. ఇది ఒంటబడితే కన్‌ఫోకల్ సగం వచ్చినట్టే.

చలికాలం తెల్లవారుజామున తిరుమల ఘాట్ రోడ్డెక్కినవాళ్లకు తెలుసు, పొగమంచులో హైబీమ్ వేస్తే దారి ఇంకా కనపడకుండా పోతుంది. మధ్యలో ఉన్న మంచంతా తెల్లగా వెలిగి దారిని మింగేస్తుంది. మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద మందంగా ఉన్న వేరు ముక్క పెట్టినా అంతే. మనం ఫోకస్ చేసిన పొరకు పైనా కిందా ఉన్న కణాలు కూడా వెలిగి, అసలు పొరను మసక చేస్తాయి.

ఆ అనవసరపు వెలుతురును ఒక చిన్న రంధ్రం ఎలా ఆపుతుంది? చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ నిలవదు. చేసి చూడండి. ఏ స్టేషనరీ షాపులోనైనా ఒక భూతద్దం కొనండి. దూరంగా ఉన్న కిటికీ బొమ్మ గోడ మీద స్పష్టంగా పడేదాకా అద్దాన్ని జరిపి, గోడకూ అద్దానికీ ఎంత దూరమో స్కేలుతో కొలవండి. 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఇప్పుడు ఫోన్ టార్చిని వంటింటి ఫాయిల్‌తో మూసి, సూదితో ఒక్క చిల్లి పెట్టండి. గది చీకటి చేసి, ఫోన్‌ను అద్దానికి 20 సెంటీమీటర్ల దూరంలో, అటువైపు మరో 20 దగ్గర ఒక అట్టముక్కను నిలబెట్టండి. అట్ట మీద చిన్న చుక్క పడుతుంది. సరిగ్గా ఆ చుక్కంత రంధ్రం చేసి, వెనక తెల్లకాగితం పట్టుకోండి. కాగితం వెలుగుతుంది.

ఇక ఫోన్‌ను 5 సెంటీమీటర్లు అద్దం వైపు జరపండి. అట్ట మీది చుక్క రూపాయి బిళ్లంత వెడల్పుగా పరుచుకుంటుంది. రంధ్రంలో పట్టేది అందులో కొంచెమే కాబట్టి వెనక కాగితం దాదాపు చీకటైపోతుంది. ఫోన్ వెలుగు తగ్గలేదు, దాని చోటు మారింది, అంతే. ఫోకస్‌లో లేని పొర నుంచి వచ్చే కాంతిని పిన్‌హోల్ ఆపేది ఇలాగే.

అమెరికా శాస్త్రవేత్త మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు దరఖాస్తు చేసింది ఈ ఆలోచనకే. మెదడులోని నరాల అల్లిక చూడాలన్నది ఆయన తపన. అప్పటికి లేజర్ పుట్టనే లేదు. కాంతిపుంజాన్ని కదిలించకుండా, శాంపిల్‌నే కదిలించి ఒక్కో బిందువు చదివాడు. నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

కన్‌ఫోకల్ వాడుకోవడానికి నాకు దొరికిన మొదటి స్లాట్‌లో చిత్రం డల్‌గా ఉందని టెన్షన్ పడి పిన్‌హోల్ బాగా తెరిచేశాను. వెలుతురు వచ్చింది, దాంతోపాటు మసకా వచ్చింది. గంట అయిపోయింది. మీరు ఒక ఏరీ యూనిట్ (ఫోకస్‌లో ఉన్న బిందువు పిన్‌హోల్ దగ్గర చేసే చుక్క వెడల్పు) దగ్గర మొదలుపెట్టండి. అంతకంటే మరీ తగ్గిస్తే కాంతి పోతుంది, స్పష్టత పెద్దగా పెరగదు.

స్లాట్ దొరికేలోపు ఇంట్లో సాధనకు ఫిజీ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఫైల్ మెనూలో ఓపెన్ శాంపిల్స్‌కి వెళ్లి కన్‌ఫోకల్ సిరీస్ తెరవండి. కింది స్క్రోల్‌బార్ జరుపుతూ ఒక్కో పొర చూడండి. తర్వాత ఇమేజ్ మెనూలో స్టాక్స్ కింద ఉన్న జెడ్ ప్రాజెక్ట్‌లో మాక్స్ ఇంటెన్సిటీ ఎంచుకోండి, పొరలన్నీ ఒకే బొమ్మవుతాయి. ఐబయాలజీ అనే సైన్స్ వీడియోల సైట్ వాళ్ల మైక్రోస్కోపీ వీడియోలు కూడా ఉచితమే. ఇంగ్లీషు వేగం అనిపిస్తే నెమ్మదిగా పెట్టుకుని, అట్టముక్క ప్రయోగం చేశాకే చూడండి. ముందు చూస్తే బొమ్మలే గుర్తుంటాయి.

వచ్చే పాఠం గెయిన్ (డిటెక్టర్ సిగ్నల్‌ను పెంచే సెట్టింగు), లేజర్ పవర్ గురించి. దానికి ముందు ఫిజీలో అదే శాంపిల్‌కు, పిక్సెళ్ల రంగులు మార్చే లుకప్ టేబుల్స్‌లో హైలో పెట్టి చూడండి. గరిష్ఠానికి చేరిన పిక్సెళ్లు ఎర్రగా, సున్నా దగ్గరున్నవి నీలంగా కనిపిస్తాయి. ఏ పొరలో ఏ రంగు ఎక్కడ వచ్చిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.