కూడలిలో జేసీబీ బకెట్ దించే ముందు

పోయిన వారం మా పక్క ఊళ్లో కూడలి వెడల్పు చేస్తుంటే జేసీబీ పళ్లకు పసుపు రంగు గ్యాస్ పైపు తగిలింది. తెగలేదు. కొంచెం లాగినట్టయింది, అంతే. ఆపరేటర్ కుర్రాడు దిగి చూశాడు, బుస్సుమనే శబ్దమేమీ లేదు, మట్టి కప్పేసి పని చేసుకున్నాడు. సాయంత్రానికి 40 అడుగుల అవతల ఒక ఇంటి గోడ దగ్గర జాయింటు వదిలి గ్యాస్ బయటికొచ్చింది. ఆ ఇంటావిడ వాసన పసిగట్టి స్టవ్ వెలిగించకుండా పిల్లల్ని తీసుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. అందుకే అందరూ బతికారు.

సంక్రాంతి వెళ్లాక పనులు ఊపందుకుంటాయి. మార్చి బిల్లుల తొందర ఒకటి, తొలకరి పడేలోపు తారు వేసేయాలన్న తొందర ఇంకొకటి. హెల్మెట్, జాకెట్, కోన్ల సంగతి అందరికీ తెలుసు, అవి మళ్లీ చెప్పను. ఇన్నేళ్లుగా సైట్లలో మనుషుల్ని ముంచిన తప్పు నేను చూసింది ఒక్కటే. చేత్తో గుంత తవ్వి పైపును కళ్లతో చూసుకోకముందే బకెట్ దించడం.

"డ్రాయింగ్‌లో మీటరు లోతు అని ఉంది సార్" అంటారు. ఆ మీటరు ఎక్కడి నుంచి కొలిచారు? పైపు వేసిన నాటి రోడ్డు మట్టం నుంచి. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచి ఉంటారు, లేదా ఇప్పుడు మీరే అర మీటరు చెక్కేసి ఉంటారు. కూడలిలో అయితే ఇంకా చిక్కు. నాలుగు వైపుల నుంచి వచ్చిన లైన్లు అక్కడే మలుపు తిరుగుతాయి, అక్కడే వాల్వులు, అక్కడే మూడు పైపులు కలిసే టీ జాయింట్లు. డ్రిల్లింగ్ మెషీన్‌తో రోడ్డు కిందుగా తోసిన పైపు గీత గీసినట్టు ఉండదు, మధ్యలో లోతుగా దిగి అంచుల దగ్గర పైకి లేస్తుంది. నిన్నటి అంచు వెడల్పు చేశాక ఇవాళ నడిరోడ్డు అవుతుంది. పసుపు పైపు ప్లాస్టిక్ కాబట్టి, వెంట రాగి తీగ వేయకపోతే భూమిలో పైపులు వెతికే లొకేటర్‌కి దొరకదు. పైపు పైన మట్టిలో పరిచే హెచ్చరిక టేపు కూడా నమ్మకం కాదు. మనకంటే ముందు కేబుల్ వాళ్లు తవ్వినప్పుడే దాన్ని పీకేసి ఉంటారు.

అందుకని క్రమం ఇది. తవ్వకానికి ముందు 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌లో వివరాలు పెట్టండి, 2023 నుంచి అది పనిచేస్తోంది. గ్యాస్, నీళ్లు, కరెంటు, ఫైబర్ వాళ్లని సైట్‌కి పిలిపించి, వాళ్ల చేతే సున్నంతో గీత వేయించండి. తర్వాత ఆ గీతకు అడ్డంగా చేత్తో ట్రయల్ పిట్ తవ్వించండి, పైపు కనబడేదాకా. గునపం వేటు వేయొద్దు, పారతో పొర పొరగా తీయాలి. నల్లరేగడిలో ఉన్నట్టుండి ఇసుక తగిలిందా, ఆగండి. పైపు చుట్టూ ఇసుక పరుస్తారు. ఆ ఇసుకే మీకు దొరికే చివరి హెచ్చరిక.

మరోసారి చెబుతున్నాను. కంటికి కనబడని పైపు మీద బకెట్ దించొద్దు.

తగిలితే ఏం చేయాలన్నది రెండో సంగతి. మట్టి కప్పొద్దు. కప్పితే గ్యాస్ ఆగదు, దారి మార్చుకుంటుంది. కాలువలోకి, కేబుల్ గొట్టాల్లోకి, అక్కడి నుంచి ఇళ్లలోకి పోతుంది. వాసన లేదని నిబ్బరంగా ఉండొద్దు, మట్టి పొరల్లోంచి వచ్చేసరికి వాసన తగ్గిపోతుంది. ఊళ్లు దాటిపోయే పెద్ద లైన్లలో అయితే గ్యాస్‌కు అసలు వాసనే కలపరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్లో పైపులైన్ నుంచి గ్యాస్ పరుచుకుని అంటుకుంటే 20 మందికి పైగా చనిపోయారు. అది తవ్వకం వల్ల జరిగింది కాదు. అయినా నిప్పు రవ్వ దొరికేలోపు గ్యాస్ ఎంత మేర పరుచుకుంటుందో తెలియాలంటే దాన్ని గుర్తుంచుకోవాలి.

పైపు మీద గీత పడినా గ్యాస్ కంపెనీకి చెప్పండి. ఆపరేటర్లు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. జీతంలో కోస్తారని భయం. కాంట్రాక్టర్లకు నా మనవి: చెప్పినవాడి జీతం కోయకండి. "అన్నా, తగిలింది" అని పరుగెత్తి వచ్చిన కుర్రాణ్ణి మేస్త్రీ అందరి ముందు తిట్టాడంటే, ఆ సైట్‌లో ఇంకెవరూ నోరు విప్పరు.

గ్యాస్ తర్వాత మిగిలినవి. వెడల్పులో పోయిన పాత పెట్రోల్ బంక్ ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని గ్యాస్ కట్టర్ పెట్టొద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపలంతా ఆవిరే. దాన్ని శుభ్రం చేసి, పరీక్షించి, ఆవిరి లేదని సర్టిఫికెట్ వచ్చాకే నిప్పు. ఆ చుట్టుపక్కల మట్టి పెట్రోల్ వాసన వస్తే దాన్ని ఫిల్లింగ్‌కి వాడొద్దు. పాత మంచినీళ్ల లైన్లలో బూడిద రంగు ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులు తగులుతాయి. అందులో ఉన్నది ఆస్బెస్టాస్, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే తిరిగి రాదు. కట్టర్‌తో కోయొద్దు, సుత్తితో పగలగొట్టొద్దు. తడిపి, విరగకుండా తీసి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి విడిగా పెట్టండి.

మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించొద్దు. కుళ్లు వాసన ఆగిపోయిందంటే లోపలి విషవాయువు పోయిందని కాదు, ముక్కు పనిచేయడం మానేసిందని. లోపల పడిపోయినవాడి కోసం ఇంకొకరు దూకొద్దు, చనిపోయేవాళ్లలో కాపాడబోయినవాళ్లూ ఉంటారు.

తారు బాయిలర్‌లో నీళ్ల చుక్క పడనివ్వొద్దు. 150 డిగ్రీల తారులో నీళ్లు పడితే పొంగి మనిషి మీదికి వస్తుంది. తారు పలచన చేయడానికి కిరోసిన్ పోయొద్దు. ఒంటి మీద పడ్డ తారును పీకొద్దు, చన్నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డైవర్షన్‌లో ట్యాంకర్లకు తాత్కాలిక యూటర్న్ ఇవ్వొద్దు. 2024 డిసెంబర్ 20న జైపూర్ హైవే మీద యూటర్న్ తీసుకుంటున్న ఎల్పీజీ ట్యాంకర్‌ను లారీ గుద్దింది, మంటలు రోడ్డంతా కమ్మాయి. ట్యాంకర్ మీది బోర్డులో 1075 అని ఉంటే ఎల్పీజీ, 1203 అని ఉంటే పెట్రోల్. ఫోన్ చేసేటప్పుడు ఆ నంబర్ చెప్పండి.

గ్యాస్ లీకైతే జేసీబీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. బీడీ, ఫోన్, జనరేటర్, వెల్డింగ్, పక్కనున్న టీ కొట్టు స్టవ్, అన్నీ ఆగాలి. గాలి వీచే వైపు కాకుండా ఎదురు వైపుకి జనాన్ని నడిపించండి. దూరం వెళ్లాక 101కి, లేదా 112కి ఫోన్ చేయండి. వంటగ్యాస్ సిలిండర్ అయితే 1906. వాల్వ్ ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి, కానీ దాన్ని తిప్పేది గ్యాస్ కంపెనీ వాళ్లే. వాళ్ల నంబర్ జేసీబీ అద్దం మీద పెయింట్‌తో రాయించండి. రాత్రి షిఫ్ట్ వాళ్లకు ట్రయల్ పిట్ దగ్గరికి తీసుకెళ్లి, టార్చి వేసి పైపు చూపించండి. పైపు చూడని ఆపరేటర్‌కి తాళం ఇవ్వొద్దు.