నాస్‌లోకి ఫైళ్లు నత్తనడకన కాపీ అవుతున్నాయా? ముందు స్పీడ్ అంకె చూడండి

మా చెల్లి పెళ్లి వీడియోలు 200 జీబీ ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన డిస్క్‌లోంచి ఇంట్లో ఉన్న నాస్‌లోకి (అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) కాపీ పెట్టి, అన్నం తినేసి వచ్చి చూస్తే ఇంకా నాలుగున్నర గంటలు పడుతుందని చూపిస్తోంది. నాస్ పెట్టె మీదేమో గిగాబిట్ అని పెద్దక్షరాల్లో రాసుంది! నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, రెండ్రోజులు కూర్చుని నాస్ సెట్టింగులన్నీ కెలకడం. జబ్బు అక్కడ లేనే లేదు. మీరు మాత్రం కింది వరసలో వెళ్లండి.

1. స్పీడ్ ఎంతో చూడండి

నాలుగైదు జీబీల ఫైలు ఒక్కటే కాపీ పెట్టి ఒక నిమిషం గమనించండి. మొదటి కొన్ని సెకన్లు కనిపించే స్పీడ్‌ని నమ్మొద్దు, అది మెమరీలోకి వెళ్లేది. చిన్న చిన్న ఫొటోలు వేలకొద్దీ ఉన్న ఫోల్డర్‌తో అసలు పరీక్షించొద్దు, ఎందుకంటే ప్రతి ఫైలుకీ తెరవడం, రాయడం, మూయడం అనే తతంగం ఉంటుంది కాబట్టి ఎంత మంచి నాస్ అయినా అక్కడ నెమ్మదిగానే ఉంటుంది.

నెట్‌వర్క్ స్పీడ్ మెగాబిట్లలో చెబుతారు, విండోస్ కాపీ స్పీడ్ మెగాబైట్లలో చూపిస్తుంది, 8 బిట్లయితే ఒక బైటు. అంటే గిగాబిట్ (1000 మెగాబిట్ల) లైను మీద లెక్కకి సెకనుకి 125 ఎంబీ రావాలి, నిజంగా వచ్చేది 110 చిల్లర. అది వస్తుంటే మీకు సమస్యే లేదు. 11 దగ్గర మొండికేసి కూర్చుంటే లైను 100 మెగాబిట్లకి పడిపోయిందన్నమాట. 30, 40 మధ్య ఊగుతుంటే వైఫైనో, పాత యూఎస్‌బీ 2.0 పోర్టునో అనుమానించండి. 110తో మొదలై కాసేపటికి చతికిలపడితే చాలావరకు డిస్క్.

2. 11 దగ్గర ఆగితే వైరు పట్టుకోండి

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్, అందులో ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. నాస్ వెబ్ పేజీలో కూడా నెట్‌వర్క్ విభాగంలో ఉంటుంది. రెండు చోట్లా 1000 ఉండాలి. ఎక్కడ 100 ఉందో ఆ వైపు వైరు మార్చి చూడండి.

నా విషయంలో నాస్ వైపు 100 ఉంది. వైరు తీసి, చివర ఉన్న ప్లాస్టిక్ క్లిప్‌ని ఫోన్ టార్చ్ కింద పెట్టి చూస్తే లోపల నాలుగే తీగలు కనిపించాయి, నారింజ జత, ఆకుపచ్చ జత. నీలం, గోధుమ రంగు తీగలు కత్తిరించేసి ఉన్నాయి! సీసీ కెమెరాలు పెట్టిన కుర్రాడే ఈ వైరు కూడా లాగాడు, కెమెరాకి నాలుగు తీగలు చాలు కాబట్టి అలవాటు కొద్దీ ఇక్కడా అంతే కొట్టాడు. 100 మెగాబిట్లకి నాలుగు తీగలు సరిపోతాయి, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. రెండు చివర్లా కొత్త క్లిప్పులు కొట్టించి మళ్లీ మొదటి నుంచి కాపీ పెడితే అరగంటలో అయిపోయింది.

వైరు బాగుంటే రౌటర్ చూడండి. నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే చాలా రౌటర్లలో కొన్ని పోర్టులు 100 మెగాబిట్లవే ఉంటాయి. రౌటర్ మార్చక్కర్లేదు, ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి కొని కంప్యూటర్‌నీ నాస్‌నీ దానికే తగిలించండి. ఆ రెండింటి మధ్య ఫైళ్లు స్విచ్‌లోంచే పోతాయి, రౌటర్ దాకా వెళ్లవు. వైరు మాత్రం క్యాట్ 5ఈ రకం చాలు.

3. వైఫై అయితే ఒకసారి వైరుతో ప్రయత్నించండి

ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి తగిలించి అదే ఫైలు కాపీ పెట్టండి. స్పీడ్ పెరిగితే నాస్ తప్పేమీ లేదు. ల్యాప్‌టాప్ వైఫైలో వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి కనెక్ట్ అయ్యిందో లేదో చూసుకోండి, చాలాసార్లు 2.4 మీదే వేలాడుతూ ఉంటుంది.

4. ఇప్పుడు డిస్క్

ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అది డిస్క్ జోలికి పోకుండా లైనునే కొలుస్తుంది. అందులో 940 మెగాబిట్ల దాకా వస్తూ కాపీ మాత్రం నెమ్మదిగా ఉంటే వేలు డిస్క్ వైపు చూపించొచ్చు. డిస్క్ దాదాపు నిండిపోయిందా? వెనకాల రెయిడ్ రీబిల్డ్ (డిస్క్ మార్చాక మిగతా డిస్కుల నుంచి డేటాని మళ్లీ నింపుకునే పని) గానీ, ఫొటోలకి థంబ్‌నెయిల్స్ చేసే పని గానీ నడుస్తోందా? అయితే అయ్యేదాకా ఆగండి. ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు (డేటా వరసల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాసేవి) ఒకేసారి ఎక్కువ రాస్తే కాసేపటికి బాగా నెమ్మదిస్తాయి, వాటితో అంతే.

డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్‌లో రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్క్ మీద పాడైన, పాడైనట్టు అనుమానమున్న చోట్లు) పెరుగుతూ కనిపిస్తే మాత్రం స్పీడ్ సంగతి వదిలేసి ముందు బ్యాకప్ తీసుకోండి.

5. ఆఖరికి సెట్టింగులు

యాంటీవైరస్‌ని రెండు నిమిషాలు ఆపి చూడండి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి. పాత నాస్‌లో ఫోల్డర్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుంటే దాని ప్రాసెసరే చాలకపోవచ్చు, కాపీ జరిగేటప్పుడు సీపీయూ 100 శాతానికి వెళ్తోందేమో చూస్తే తెలిసిపోతుంది. జంబో ఫ్రేమ్స్ (డేటాని మామూలు కంటే పెద్ద ముక్కలుగా పంపే సెట్టింగ్) ఆన్ చేయమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. దారిలో ఉన్న ఏ ఒక్క పరికరానికి అది రాకపోయినా కాపీ మధ్యలో ఆగిపోవడం లాంటి కొత్త తలనొప్పి మొదలవుతుంది, గిగాబిట్ ఇంట్లో దాంతో పెరిగేది కూడా కొద్దిగానే, నేనైతే ముట్టుకోను.