సంక్రాంతి సెలవుల్లో నుమాయిష్‌కి వెళ్తున్నారా?

ఊరెళ్లకుండా హైదరాబాద్‌లోనే ఉండిపోయినవాళ్లకి సంక్రాంతి సెలవుల్లో నాంపల్లి నుమాయిష్‌ని, అంటే ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్‌ని, మించిన షికారు లేదు. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. 1938 నుంచీ నడుస్తున్న సంబరం.

కారు మాత్రం ఇంట్లోనే ఉంచండి. అక్కడ పార్కింగ్ వెతుక్కోవడం పెద్ద టెన్షన్. మెట్రో రెడ్ లైన్‌లో గాంధీ భవన్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. తిరుగు ప్రయాణంలో టికెట్ క్యూ చాంతాడంత ఉంటుంది కాబట్టి మెట్రో కార్డులో ముందే డబ్బులు వేసుకోండి. ఆఖరి రైలు టైమూ చూసుకోండి.

సాయంత్రం గేట్లు తెరవగానే లోపలికి వెళ్తే గంటా రెండు గంటలు హాయిగా తిరగొచ్చు. చీకటి పడ్డాక ఇసకేస్తే రాలనంత జనం. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి, ఆ రద్దీలో ఫోన్ మోగినా వినబడదు.

కశ్మీరీ శాలువా మొదటి కొట్లోనే కొనెయ్యకండి. నాలుగు కొట్లు తిరిగి, బేరమాడి తీసుకోండి. మిర్చి బజ్జీలు మాత్రం వాయి దిగుతున్నప్పుడే, బేరాల్లేకుండా!