అమ్మోనియా ట్యాంకు రాత్రి పొలంలో ఉంటే: దొంగలతోనూ, దావాలతోనూ జాగ్రత్త

అమెరికా మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న విత్తే ముందు ఏప్రిల్, మే నెలల్లోనూ, కోతలయ్యాక నేల 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడినప్పుడూ పొలాల్లోకి తెల్లటి నర్స్ ట్యాంకులు, అంటే అమ్మోనియాను పొలానికి చేర్చే చక్రాల ట్యాంకులు, వస్తాయి. లోపల ఉండేది 82 శాతం నత్రజని ఉన్న యాన్‌హైడ్రస్ (నీళ్లు కలవని) అమ్మోనియా. మన ఐసు ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో తిరిగేది ఈ గ్యాసే. అక్కడ దీన్నే ఎరువుగా నేలలోకి ఎక్కిస్తారు. మెత్ అనే మత్తుమందు తయారుచేసేవాళ్లకూ ఇది కావాలి, అందుకే దొంగల కన్ను ట్యాంకుల మీద.

వాల్వు తిప్పిన దొంగ ఒళ్లు కాల్చుకుని రైతు మీదే దావా వేయకుండా కొన్ని వ్యవసాయ రాష్ట్రాలు చట్టాలు చేశాయి. మిన్నెసోటాలో అది 152.136వ సెక్షన్. ట్యాంకును కెలికినవాడికి దాని యజమాని మీద గానీ, చట్టప్రకారం దాన్ని తన దగ్గర ఉంచుకున్నవాళ్ల మీద గానీ, బిగించి నిర్వహించేవాళ్ల మీద గానీ, సక్రమంగా అమ్మినవాళ్ల మీద గానీ నష్టపరిహారం అడిగే హక్కు లేదు. అయితే ఆ తలుపు మూసింది దొంగకే. గాలివాటున ఆ గ్యాసు వెళ్లి పొరుగింటివాళ్ల కళ్లు మండితే, వాళ్ల దావాకు ఆ సెక్షన్ అడ్డు రాదు. అప్పుడు మీరు జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న. మీ బీమా పాలసీ కూడా ఇప్పుడే తీసి చదవండి. ఫార్మ్ లయబిలిటీ పాలసీల్లో (పొలం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే బీమాల్లో) కాలుష్యాన్ని మినహాయించే క్లాజు తరచూ ఉంటుంది.

ట్యాంకును పని రోజు పొద్దున్నే తెప్పించి, సాయంత్రానికి తిప్పి పంపడం అన్నిటికంటే మేలు. ఉంచక తప్పకపోతే ఇళ్లకు దూరంగా, రోడ్డు మీదికి కనిపించేచోట పెట్టండి. చెట్ల చాటు దొంగకే అనుకూలం. గొట్టాలు విప్పేయండి, వాల్వుకు తాళం వేసి నంబరున్న సీలు కట్టండి. తెచ్చినప్పుడూ పంపినప్పుడూ గేజి శాతం (ట్యాంకు ఎంత నిండి ఉందో), సీలు నంబరు, తేదీ రాసి ఫొటో తీసుకోండి. రేపు కోర్టులో మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. ఖాళీ ట్యాంకుకూ తాళం వెయ్యాలి, అడుగున ద్రవం, ఆవిరి మిగిలే ఉంటాయి.

తెగిన సీలు, సగం తెరిచిన వాల్వు, పక్కన పడేసిన టేపు, సైకిల్ ట్యూబు ముక్కలు దొంగతనానికి గుర్తులు. దొంగిలించిన అమ్మోనియాను వంటగ్యాస్ సిలిండర్లలో నింపుకుపోతారు; ఇత్తడి వాల్వు నీలం-ఆకుపచ్చగా మారిన సిలిండరు కనిపిస్తే ముట్టుకోకండి. అమ్మోనియా ఇత్తడిని తినేస్తుంది, కదిలిస్తే వాల్వు ఎగిరిపోవచ్చు. గాలికి ఎదురుగా దూరం జరిగి 911కు ఫోన్ చేయండి. దొంగ ఇంకా అక్కడే ఉంటే ఎదురుపడొద్దు.

గ్యాసు కారితే లెక్క వెంటనే వేసుకోండి. గాలను సుమారు 5 పౌండ్లు తూగుతుంది, అంటే 20 గాలన్లు పోతే 100 పౌండ్లు. 24 గంటల్లో అంత బయటపడితే నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కు (రసాయనాల లీకుల సమాచారం తీసుకునే కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి), రాష్ట్ర, స్థానిక అత్యవసర అధికారులకు వెంటనే చెప్పాలి. వాల్వు తిప్పింది దొంగేనని ఊరుకుంటే, ఫోన్ చేయని తప్పు మీ మీద పడుతుంది.

ట్యాంకు మీద కనీసం 5 గాలన్ల మంచినీళ్లు, గాలి చొరబడని కళ్లద్దాలు, అమ్మోనియాకు తట్టుకునే చేతితొడుగులు ఉంచండి. ఒంటి మీద పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండాలి, కళ్లయితే రెప్పలు విడదీసి. ఆ 5 గాలన్లు అంతసేపు రావు కాబట్టి దగ్గర్లోని నీళ్లెక్కడున్నాయో పనివాళ్లందరికీ ముందే చూపించండి.