వాణిజ్య నౌకల కాలుష్యాన్ని తగ్గించడం – మూడవ పాఠం: వేగం, ఇంధనం, రేవు బయట నిరీక్షణ

మొదటి పాఠంలో ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్ ఏ కాలుష్యాలను ఏ అనుబంధం కింద నియంత్రిస్తుందో చూశాము. రెండవ పాఠంలో ఇంధనం లెక్కను కార్బన్ డయాక్సైడ్ లెక్కగా మార్చడం నేర్చుకున్నాము. అందులో ఒక్క అంశం ఈ పాఠమంతటా అవసరమవుతుంది కనుక మళ్ళీ చెబుతున్నాను. భార ఇంధన తైలం ఒక టన్ను మండితే 3.114 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అంతకంటే తేలికైన నౌకా ఇంధనం మెరైన్ గ్యాస్ ఆయిల్ అయితే 3.206 టన్నులు. తైలంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది కాబట్టే, వెలువడే వాయువు బరువు మండిన తైలం బరువుకు మూడింతలు దాటుతుంది.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు ఒక ఓడ ప్రయాణాన్ని తీసుకొని, వేగం మార్చితే ఎంత ఇంధనం మిగులుతుందో స్వయంగా లెక్కకట్టగలగాలి. ఆ లెక్క ఏ పరిస్థితుల్లో తప్పుతుందో కూడా గుర్తించగలగాలి.

కొత్త ఇంధనాలను, కొత్త ఇంజిన్లను పక్కనపెట్టి ముందుగా వేగాన్నే ఎందుకు తీసుకున్నామో చెప్పాలి. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నాలుగవ అధ్యయనం ప్రకారం 2018లో ప్రపంచ నౌకాయానం నుంచి వెలువడిన హరితగృహ వాయువులు సుమారు 107.6 కోట్ల టన్నులు, అంటే మానవ కార్యకలాపాల వల్ల వెలువడే మొత్తంలో 2.89 శాతం. ఆ సంస్థ 2023లో ఆమోదించిన వ్యూహం 2050 నాటికి లేదా ఆ దరిదాపుల్లో నికర ఉద్గారాలను సున్నాకు తేవాలని, 2008తో పోలిస్తే రవాణా పనికి (సరుకును మోసిన ప్రతి టన్ను-మైలుకు) వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను 2030 నాటికి సగటున కనీసం 40 శాతం తగ్గించాలని చెబుతున్నది. మొదటి లక్ష్యం కొత్త ఇంధనాలు లేకుండా నెరవేరదు. కానీ ఇప్పుడు నీటి మీద ఉన్న ఓడల్లో చాలావాటికి ఇంకా ఏళ్ళ తరబడి ఆయుష్షు ఉంది. వాటి ఉద్గారాలను ఈ నెలలోనే, ఒక్క పరికరం కూడా కొనకుండా తగ్గించగల మార్గం వేగమే. ఓడల సంస్థలో పర్యావరణ బాధ్యత చేపట్టినవారు మొదట పట్టుసాధించవలసిన విద్య ఇదేనని నా దృఢమైన అభిప్రాయం.

ఓడ నీటిని చీల్చుకొని వెళ్ళేటప్పుడు ఎదురయ్యే నిరోధం, సాధారణ ప్రయాణ వేగాల్లో, దాదాపుగా వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఇంజిన్ ఇవ్వవలసిన శక్తి అంటే నిరోధాన్ని వేగంతో హెచ్చించగా వచ్చేది కాబట్టి అది వేగం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. రోజువారీ ఇంధన వినియోగం శక్తిని అనుసరిస్తుంది. అయితే వేగం తగ్గించినప్పుడు ప్రయాణ దినాలు పెరుగుతాయి. ఆ పెరుగుదలను కలుపుకొంటే, నిర్ణీత దూరానికి మెయిన్ ఇంజిన్ తాగే ఇంధనం వేగం వర్గానికి అనుగుణంగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు రోజు లెక్కకు ఘనం, ప్రయాణం లెక్కకు వర్గం అన్న తేడాను మరచి, పొదుపును ఎక్కువగా చూపిస్తూ ఉంటారు. పై అధికారులకు పంపే నివేదికలో ఆ పొరపాటు దొర్లితే తరువాత మీరు చెప్పే సరైన లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చేద్దాం. 80,000 టన్నుల డెడ్‌వెయిట్ (ఓడ మోయగల మొత్తం బరువు) గల బల్క్ క్యారియర్, అంటే ధాన్యం, బొగ్గు వంటి విడి సరుకును మోసే ఓడ, ఒకటి 5,040 నాటికల్ మైళ్ళు ప్రయాణించాలని అనుకుందాం. 14 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంలో మెయిన్ ఇంజిన్ రోజుకు 36 టన్నులు, జనరేటర్లు రోజుకు 3 టన్నులు వాడుతున్నాయి, రెండింటికీ ఒకే భార ఇంధన తైలం. 14 నాట్లతో రోజుకు 336 మైళ్ళు, కనుక ప్రయాణం 15 రోజులు. మెయిన్ ఇంజిన్‌కు 540 టన్నులు, జనరేటర్లకు 45 టన్నులు, మొత్తం 585 టన్నులు.

వేగాన్ని 12 నాట్లకు తగ్గిస్తే ప్రయాణం 17.5 రోజులు అవుతుంది. 12ను 14తో భాగించి వర్గం చేస్తే 0.735 వస్తుంది, దాన్ని 540తో హెచ్చిస్తే మెయిన్ ఇంజిన్ వినియోగం సుమారు 397 టన్నులు. జనరేటర్లు ఎక్కువ రోజులు నడవాలి కాబట్టి వాటి వినియోగం 52.5 టన్నులకు పెరుగుతుంది. మొత్తం దాదాపు 449 టన్నులు, అంటే 136 టన్నుల ఆదా. 3.114తో హెచ్చిస్తే ఒక్క ప్రయాణంలో సుమారు 423 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్లు. ఇదే పద్ధతిలో 10 నాట్లకు లెక్క వేసి చూడండి: 21 రోజులు, మొత్తం దాదాపు 338 టన్నులు రావాలి. రెండవసారి తగ్గించిన రెండు నాట్ల వల్ల మిగిలినది 111 టన్నులే. వేగం తగ్గుతున్నకొద్దీ ప్రతి నాట్‌కు దక్కే ఫలం చిన్నదవుతూ వస్తుంది.

ఇంతవరకు చెప్పినది చాలామందికి తెలిసినదే. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత కంటైనర్ ఓడల సంస్థలు ఈ మార్గాన్నే పట్టి పెద్ద ఎత్తున వేగం తగ్గించాయి. అయితే వేగం తగ్గిస్తే సరుకు ఆలస్యమవుతుందనీ, అదే సరుకును మోయడానికి మరిన్ని ఓడలు కావలసి వస్తుందనీ అభ్యంతరం వస్తుంది. రెండూ న్యాయమైన అభ్యంతరాలే. వాటికి తావివ్వని ఆదా మరొకటి ఉంది. అది రేవు బయట లంగరు వేసి వేచి ఉండే కాలంలో దాగి ఉంది.

పై ఓడే 14 నాట్ల వేగంతో 15 రోజుల్లో గమ్యం చేరిందనుకోండి. బెర్తు, అంటే రేవులో ఓడను కట్టి సరుకు దించే చోటు, ఖాళీ లేదు. నాలుగు రోజులు లంగరు మీద ఉండి, 19వ రోజు ముగిశాక లోపలికి వెళ్ళింది. లంగరు మీద జనరేటర్లకు మరో 12 టన్నులు కలిపితే మొత్తం 597 టన్నులు. బెర్తు 19 రోజుల తరువాతే దొరుకుతుందని బయలుదేరే ముందే తెలిసి ఉంటే, ఆ ఓడ దాదాపు 11.05 నాట్ల వేగంతో వచ్చి సరిగ్గా అదే గంటకు బెర్తు చేరగలిగేది. అప్పుడు మెయిన్ ఇంజిన్‌కు సుమారు 337, జనరేటర్లకు 57, మొత్తం 394 టన్నులు. ఆదా 203 టన్నులు, అంటే 630 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. సరుకు ఒక్క గంట కూడా ఆలస్యం కాలేదు, అదనపు ఓడ అవసరం పడలేదు. పైగా వెచ్చని నీటిలో కదలకుండా నిలిచిన ఓడ అడుగుకు నాచు, గవ్వపురుగులు త్వరగా పట్టుకుంటాయి. ఆ నష్టం కూడా తప్పింది.

మరి ఇంత స్పష్టమైన ఆదాను అందరూ ఎందుకు చేజిక్కించుకోవడం లేదు? కారణం ఇంజిన్ గదిలో లేదు, ఒప్పంద పత్రంలో ఉంది. ఓడను ఒక్క ప్రయాణానికి అద్దెకిచ్చే వోయేజ్ చార్టర్ ఒప్పందాల్లో ఓడ సాధ్యమైనంత త్వరగా గమ్యం చేరాలన్న నిబంధన ఉంటుంది. చాలా రేవుల్లో ముందు వచ్చినవారికి ముందు బెర్తు అన్న పద్ధతి నడుస్తుంది. రేవు చేరి సిద్ధంగా ఉన్నామని నోటీసు ఇచ్చిన తరువాతే సరుకు దించే గడువు లెక్క మొదలవుతుంది, ఆ గడువు దాటితే ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్ నుంచి ఓడ యజమానికి డెమరేజ్, అంటే ఆలస్య పరిహారం, వస్తుంది. ఇన్ని కారణాలు త్వరపడమని తొందరపెడుతుండగా కెప్టెన్ తనంతట తాను నెమ్మదిగా రావడమంటే ఒప్పందాన్ని ఉల్లంఘించడమే అవుతుంది. ఓడను కొంత కాలానికి అద్దెకిచ్చే టైమ్ చార్టర్‌లో చిక్కు మరో రకం: ఇంధనం ఖర్చు చార్టరర్‌ది, ఓడ అడుగును శుభ్రంగా ఉంచే ఖర్చు యజమానిది. ఖర్చు ఒకరిది, ఫలితం మరొకరిది అయినచోట మంచి పని వాయిదా పడుతూ ఉంటుంది.

అందువల్ల ఈ ఆదా కోరేవారు చార్టరింగ్ విభాగంతో కూర్చోవాలి. నౌకాయాన ఒప్పందాల నమూనాలను రూపొందించే బిమ్కో సంస్థ, పరస్పర అంగీకారంతో వేగం తగ్గించి నిర్ణీత సమయానికి చేరే విధానానికి తగిన నిబంధనలను ఇప్పటికే సిద్ధం చేసింది. ఓడ ముందుగా వచ్చి ఉంటే యజమానికి దక్కవలసిన డెమరేజ్‌ను లెక్కగట్టి, మిగిలిన ఇంధనం విలువను ఇరుపక్షాలూ పంచుకోవడం ఇందులో కీలకం. రేవు అధికారులు బెర్తు దొరికే సమయాన్ని ఎంత ముందుగా, ఎంత నమ్మకంగా చెప్పగలిగితే ఈ ఏర్పాటు అంత బాగా పనిచేస్తుంది. సాంకేతిక విభాగం ఒంటరిగా దీన్ని సాధించలేదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక లెక్కకు కావలసిన అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. ప్రతి ఓడ నుంచి రోజూ మధ్యాహ్నం కార్యాలయానికి చేరే నూన్ రిపోర్టే మీ మూలాధారం. అందులో గడచిన మధ్యాహ్నం నుంచి ఈ మధ్యాహ్నం వరకు ప్రయాణించిన దూరం, గడిచిన గంటలు, మెయిన్ ఇంజిన్, జనరేటర్లు, బాయిలర్ విడివిడిగా వాడిన ఇంధనం, గాలి, అలల స్థితి ఉంటాయి. గంటల గడిని ముందు చూడండి. పడమరగా వెళ్ళే ఓడ గడియారాన్ని ఒక గంట వెనక్కు తిప్పిన రోజున ఆ నివేదిక 25 గంటలకు సంబంధించినది అవుతుంది. తూర్పుగా వెళ్ళే ఓడలో అది 23 గంటలే. 25 గంటల్లో 37.5 టన్నులు వాడిన ఓడ నిజానికి రోజుకు 36 టన్నుల రేటులోనే నడిచింది. గంటలు చూడకుండా ఆ రోజు వినియోగం పెరిగిందని చీఫ్ ఇంజినీరుకు సంజాయిషీ లేఖ రాస్తే, ఓడ మీద ఉన్నవారికి మీ మీద ఉన్న నమ్మకం పోతుంది.

తరువాత రెండు రకాల వేగాలను వేరుచేయాలి. నేల మీది దూరాన్ని బట్టి లెక్కించిన వేగంలో ప్రవాహం ప్రభావం కలిసి ఉంటుంది. నీటిలో ఓడ వేగాన్ని స్పీడ్ లాగ్ చూపుతుంది. ఇంధనంతో పోల్చవలసింది నీటిలోని వేగాన్నే. ఆ పైన, గాలి తీవ్రతను కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంలో 4 దాటిన రోజులను పక్కన పెట్టి, సరుకుతో నడిచిన రోజులను, బ్యాలస్ట్‌తో (స్థిరత్వం కోసం నింపిన నీటితో) ఖాళీగా నడిచిన రోజులను వేరువేరు పట్టికల్లో రాయండి. ఈ వడపోత తరువాత మిగిలే రోజులు తక్కువే అయినా అవే విలువైనవి.

ఒక పరీక్ష చెబుతాను. 13 నాట్లకు 30 టన్నులు, 12 నాట్లకు 24 టన్నులు అని మీ పట్టికలో ఉంటే, 30ను 24తో భాగిస్తే 1.25 వస్తుంది. 13ను 12తో భాగించి ఘనం చేస్తే 1.27. రెండూ దగ్గరగా ఉన్నాయి, అంకెలు నమ్మదగినవి. అలాకాక 12 నాట్ల వద్ద 27 టన్నులు కనిపిస్తే నిష్పత్తి 1.11 మాత్రమే. అప్పుడు లాగ్ సరిగా ఉందా, ట్యాంకు కొలతలు సరిగా తీశారా, ఆ రెండు ప్రయాణాల మధ్య ఓడ అడుగుకు నాచు పట్టిందా అని వరుసగా విచారించాలి.

ఘన సూత్రానికి హద్దులు ఉన్నాయి. చాలా తక్కువ భారం మీద ఎక్కువ కాలం నడిచే ఇంజిన్‌లో టర్బోచార్జర్ గాలి చాలక మసి పేరుకుంటుంది, విద్యుత్తుతో నడిచే బ్లోయర్లు మొదలై జనరేటర్ల భారం పెరుగుతుంది. సిలిండర్ ఆయిల్ మోతాదును తయారీదారు సూచనల మేరకు మార్చవలసి ఉంటుంది. 10 నాట్ల వద్ద మన ఉదాహరణ ఓడ ఇంజిన్ 14 నాట్లప్పటి శక్తిలో 36 శాతమే ఇస్తున్నది కనుక చీఫ్ ఇంజినీరును సంప్రదించకుండా అటువంటి ఆదేశం పంపకూడదు. జనరేటర్ల వినియోగం కూడా ఒక హద్దు గీస్తుంది. ఘన సూత్రం వర్తించినంత మేరకు, మెయిన్ ఇంజిన్ రోజువారీ వినియోగం జనరేటర్ల వినియోగంలో సగానికి దిగిపోయే వేగం వద్ద మైలుకు ఇంధనం అతి తక్కువగా ఉంటుంది. అంతకంటే నెమ్మదిస్తే తిరిగి పెరుగుతుంది. బల్క్ క్యారియర్‌కు ఆ వేగం ఆచరణలో లేనంత తక్కువ. వందల కొద్దీ శీతల కంటైనర్లకు విద్యుత్తు ఇవ్వవలసిన ఓడకు మాత్రం ఈ లెక్క తప్పనిసరి.

5,000 గ్రాస్ టన్నేజ్ (ఓడ ఘనపరిమాణాన్ని బట్టి ఇచ్చే కొలత), ఆపైన ఉండి అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలకు 2023 నుంచి అమలవుతున్న కార్బన్ తీవ్రత సూచిక, అంటే సిఐఐ, ఏటా ఎ (అత్యుత్తమం) నుంచి ఇ (అధమం) వరకు శ్రేణి ఇస్తుంది. వరుసగా మూడేళ్ళు డి గానీ, ఒక్క ఏడాది ఇ గానీ వస్తే దిద్దుబాటు ప్రణాళిక సమర్పించాలి. బల్క్ క్యారియర్ విషయంలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను డెడ్‌వెయిట్, దూరాల లబ్ధంతో భాగిస్తారు. మన ఉదాహరణలో ప్రతి డెడ్‌వెయిట్ టన్ను-మైలుకు, లంగరు మీద వేచిన ప్రయాణానికి 4.61 గ్రాములు, సమయానికి చేరిన ప్రయాణానికి 3.04 గ్రాములు వస్తాయి. వేచి ఉన్న కాలంలో ఇంధనం ఖర్చవుతుంది గానీ దూరం పెరగదు కాబట్టి నిరీక్షణను ఈ సూచిక గట్టిగానే పట్టి చూపుతుంది. కానీ ఇందులో నిజంగా మోసిన సరుకు ఎక్కడా లేదు. ఖాళీగా తిరిగే ఓడకు తక్కువ ఇంధనం సరిపోతుంది గనుక ఈ లెక్కలో మంచి అంకె వస్తుంది, భూమికి మాత్రం ఒరిగేదేమీ లేదు. అందుకని శ్రేణి కోసం ఒక పట్టిక, మోసిన ప్రతి టన్ను-మైలుకు ఎంత వెలువడిందో చూపే మరో పట్టిక పక్కపక్కనే నిర్వహించమని గట్టిగా కోరుతున్నాను.

వేగం తగ్గితే నీటి అడుగున శబ్దం కూడా సాధారణంగా తగ్గుతుంది, తిమింగలాలను ఢీకొనే ప్రమాదం తగ్గుతుంది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాల రక్షణకు అమెరికా తూర్పు తీరంలోని నిర్దిష్ట ప్రాంతాల్లో, నిర్దిష్ట రుతువుల్లో, 65 అడుగులు, అంతకు మించిన ఓడలకు 10 నాట్ల పరిమితి 2008 నుంచి ఉంది. మీ ఓడలు ఆ మార్గంలో వెళ్తుంటే ప్రయాణ ప్రణాళికలో దాన్ని ముందే చేర్చండి.

అభ్యాసానికి ఒకే ఓడ నుంచి మూడు నెలల నూన్ రిపోర్టులు తీసుకోండి. గంటలను సరిచేసి, పైన చెప్పిన వడపోత చేసి, వేగానికి ఎదురుగా రోజువారీ వినియోగాన్ని గీతల కాగితం మీద గుర్తించండి. తరువాత అదే కాలంలో ఆ ఓడ లంగరు మీద గడిపిన ప్రతి నిరీక్షణను తీసుకొని, ఆ రోజులను ప్రయాణంలో కలిపి వేగాన్ని తగ్గించి ఉంటే ఎన్ని టన్నులు మిగిలేవో ఒక్కొక్కటిగా లెక్కకట్టండి. యాంత్రిక మరమ్మతు కోసమో, తుఫాను కోసమో ఆగిన రోజులను ఇందులో కలపకండి. గీసిన పటాన్ని భద్రపరచండి. ఓడ అడుగున పేరుకునే జీవజాలం, దాన్ని అడ్డుకునే పూతల గురించి చెప్పే నాలుగవ పాఠంలో, అదే పటం మీద శుభ్రం చేయకముందు, చేసిన తరువాత బిందువులు ఎలా జరుగుతాయో గుర్తిస్తాము.