బెజవాడలో పెద్ద ఇల్లు అద్దెకి తీసుకునే ముందు ఇవి చూసుకోండి

జూన్‌లో స్కూళ్ళు తెరుస్తారు, ఆషాఢం వస్తే చాలామంది ఇల్లు మారరు, అందుకే మే నెలలో అందరూ ఒకేసారి వెతుకుతారు, ఆ హడావిడిలోనే తప్పులు జరుగుతాయి.

అన్నిటికంటే ముందు ఓనర్ ఎవరో తేల్చుకోండి. ఇంటి పన్ను రసీదు మీద పేరూ, అడ్వాన్స్ తీసుకునే మనిషి పేరూ ఒకటేనా చూడండి. ఇల్లు చూపించకుండా ఫొటోలు పంపి "ఇంకొకళ్ళు అడుగుతున్నారు, టోకెన్ వెయ్యండి" అంటే అస్సలు వెయ్యద్దు, ఆ డబ్బు మళ్ళీ రాదు.

గ్రౌండ్ ఫ్లోర్ అయితే బుడమేరు వాగు వరద గురించి అడగండి. 2024 సెప్టెంబర్‌లో సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి, కొత్త పెయింట్ వేస్తే గోడ మీద ఆ నీటి మరక కనపడదు కాబట్టి ఓనర్ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి.

పై అంతస్తు అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి చూడండి, శ్లాబ్ వేడి ఎంతుంటుందో తెలుస్తుంది.

కరెంటు మీటర్ విడిగా ఉండాలి. రెండు పోర్షన్లకి ఒకటే అయితే యూనిట్లు కలిసిపోయి ఎక్కువ వాడకానికి వేసే పెద్ద రేటు పడుతుంది, పాత బాకీ ఉందేమో కూడా చూడండి.

పెద్దవాళ్ళుంటే వాళ్ళ గదికి ఆనుకుని బాత్రూమ్ ఉందా చూడండి, రాత్రిళ్ళు మెట్లు దిగాల్సి వస్తే కష్టం.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్స్) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేసేవాళ్ళు ఓనర్ పాన్ ఇస్తారో లేదో ముందే అడగండి, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో కావాలి.