తైవాన్ పంపు స్టార్ట్ కావట్లేదా? ట్యాంకులో సీసా ఒంపే ముందు పెట్రోలు చూడండి

ఆగస్టు వచ్చిందంటే మా షాపు ముందు తైవాన్ పంపులు, అంటే వీపున తగిలించుకుని చేలో మందు కొట్టే పెట్రోలు పంపులు, వరుస కడతాయి. ఫిబ్రవరిలో మిర్చికి ఆఖరి మందు కొట్టి షెడ్డులో పెట్టేసినవే అన్నీ. పత్తికి కొట్టే వేళకు బయటికి తీసి తాడు లాగితే ఉలకవు, పలకవు. ఈ మధ్య చాలామంది పంపుతో పాటు ఒక చిన్న సీసా కూడా తెస్తున్నారు. పెట్రోలు చెడకుండా కలిపే స్టెబిలైజరో, కార్బొరేటర్ (ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపేది) కడిగే క్లీనరో పోశామని, అయినా పని కాలేదని అంటున్నారు. "ట్యాంకులో పెట్రోలు తీసి చూశారా?" అని అడిగితే ఇంచుమించు అందరి జవాబూ ఒకటే: లేదు.

మొదట చేయాల్సింది అదే. ఇంజిన్ చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, పెట్రోలు పైపు ఊడదీయండి. ట్యాంకు అడుగున ఉన్నది తెల్లటి గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పై నుంచి పైపైన తీసిన పెట్రోలు చూసి లాభం లేదు, అడుగుదే కావాలి. రంగు ముదిరి వార్నిష్ వాసన కొడుతుంటే ఒక దారి. సీసాలో రెండు పొరలు కనిపించినా, మసకగా ఉన్నా ఇంకో దారి.

చోక్ వేస్తే ఆడుతుంది, తీస్తే ఆగిపోతుంది

వార్నిష్ వాసన వచ్చే మొదటి దారి ఇది, అంటే జిగురు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు గాలితో కలిసి చెడిపోతుంది. అందులో తేలికగా ఆవిరయ్యేది కాస్తా పోయి, మిగిలింది కార్బొరేటర్ బౌల్ (పెట్రోలు నిలిచే చిన్న గిన్నె) అడుగున, పెట్రోలు కొలతగా వదిలే జెట్ సన్న రంధ్రంలో జిగురులా అంటుకుంటుంది. మన ఎండలకు రేకుల షెడ్డులో పెట్టిన పంపుకి ఇది ఇంకా త్వరగా వస్తుంది.

బౌల్ విప్పండి, జెట్ తీయండి, కార్బొరేటర్ స్ప్రే కొట్టి గాలి పెట్టండి. స్టీలు తీగతో పొడవకండి. జెట్ ఇత్తడిది, రంధ్రం పెద్దదైతే ఇక ఎప్పటికీ పెట్రోలు ఎక్కువే తాగుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్ ఇక్కడ ఎందుకు పనిచేయదంటే, అది కడగాలన్నా ముందు ఆ రంధ్రంలోంచి పారాలి కదా. పెట్రోలే పోని చోటికి క్లీనర్ మాత్రం ఎలా వెళ్తుంది? కొద్దిగా మురికి పట్టి ఇంకా ఆడుతున్న ఇంజిన్‌కి పోస్తే గుణం కనిపిస్తుంది. పూర్తిగా మూసుకుపోయాక విప్పడమే.

శుభ్రం చేసిన వారానికే మళ్లీ ఆగింది, మధ్యాహ్నం బాగానే ఆడుతుంది, పొద్దున మొరాయిస్తుంది

ఇది రెండో దారి, పెట్రోలులో నీళ్లు. ఈ ఒక్కదాని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక రైతు పంపు నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కార్బొరేటర్ కడిగాను, మూడోసారి కొత్త ప్లగ్ కూడా వేశాను. షాపులో ఉన్న పెట్రోలు పోసి ఆడిస్తే గంట సేపైనా ఆడేది. ఇంటికెళ్లాక ఆగిపోయేది. నాలుగోసారి పిస్టన్ పట్టేసి వచ్చింది. సిలిండర్ విప్పితే లోపలి గోడ మీద నిలువునా గీతలు, గోరు పెడితే తగిలేంత లోతు.

అప్పుడు గానీ ఆ పెద్దాయన్ని ఇంట్లో పెట్రోలు డబ్బా తెమ్మని అడగలేదు నేను. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, సగానికి పైగా ఖాళీ, మూతలో వాషర్ లేదు. అడుగుదాకా గాజు సీసాలోకి ఒంపి కిటికీ దగ్గర పెట్టాం. పైన టూటీ ఆయిల్ (ఇంజిన్ అరగకుండా పెట్రోలులోనే కలిపే ఆయిల్) రంగుతో పెట్రోలు. కింద రెండు వేళ్ల మందాన లేత రంగు పొర. రెండింటి మధ్య స్కేలు పెట్టి కొట్టినట్టు గీత. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మొదటి రోజే ఆ డబ్బా చూసి ఉంటే ఆయనకి బోరు, పిస్టన్ ఖర్చు తప్పేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జరిగేది ఇదీ. మన పెట్రోలులో కలిపే ఇథనాల్ (ఒక రకం ఆల్కహాలు) వాటా 2022 నాటికి 10 శాతానికి, 2025 కల్లా 20 శాతానికి చేరింది. నీళ్లూ పెట్రోలూ కలవవు. కానీ ఇథనాల్ రెండింటితోనూ కలుస్తుంది, గాల్లో తేమను కూడా లాగుతుంది. కాబట్టి కొంతవరకు నీరు పెట్రోలులో కలిసిపోయి కంటికి కనబడకుండా ఉంటుంది. ఆ హద్దు దాటిందా, ఇథనాల్ పెట్రోలుని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. చల్లబడే కొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. అందుకే మధ్యాహ్నం తేటగా ఉన్న పెట్రోలు, డిసెంబరు తెల్లవారుజామున మసకబారి కనిపిస్తుంది. అనుమానం ఉంటే సీసా రాత్రంతా బయట పెట్టి పొద్దున్నే చూడండి.

పంపు పైపు పీల్చేది అడుగు నుంచే. అంటే ఇంజిన్ తాగేది ఆ కింది పొరని. టూటీ ఆయిలేమో పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. మీరు ఆయిల్ సరిగ్గా కొలిచే కలిపారు, అయినా ఇంజిన్‌కి చుక్క అందదు. నాలుగు నిమిషాలాడి ఆగితే అదృష్టం. ఆగకుండా ఆడిందంటే పిస్టన్ పోతుంది.

ఇక్కడ ఏ సీసా పనిచేయదు. స్టెబిలైజర్ చేసేది పెట్రోలు గాలితో చెడిపోవడాన్ని నెమ్మదింపజేయడం, అంతే. దిగిపోయిన నీళ్లని అది పైకి తేలేదు. నీళ్లు లాగేస్తుందని అమ్మేవాటిలో చాలావరకు ఉండేది ఆల్కహాలే, అది పెట్రోలులో ఇప్పటికే ఉంది. డబ్బా ఊపితే కాసేపు కలిసినట్టుంటుంది, మళ్లీ విడిపోతుంది. పై పొరని ఒంపుకుని వాడుకుందామా అంటే, ఇథనాల్ దిగిపోయిన ఆ పెట్రోలు ఆక్టేన్ (ఇంజిన్‌లో కొట్టుకోకుండా మండే గుణం) పడిపోయి ఉంటుంది. వద్దు.

ట్యాంకు, పైపు, బౌల్ మొత్తం ఖాళీ చేయండి. కొద్దిగా కొత్త పెట్రోలుతో కడిగి అదీ ఆ చెడిన పెట్రోలులోకే ఒంపేయండి. పైపు చివరి ఫిల్టర్ మార్చండి. పాత డబ్బాని పక్కన పడేసి, వాషరున్న గట్టి మూత డబ్బా కొనండి. ఆ పెట్రోలుతో ఇంజిన్ ఆడి ఉంటే, సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ పక్క చూడండి. గీతలు లేకపోతేనే తాడు లాగండి.

నీళ్లు ఎక్కడివంటారా? సగం ఖాళీ డబ్బాలో పగటి వేడికి, రాత్రి చల్లదనానికి లోపలికీ బయటికీ పోయే తేమ గాలి. ముసురులో మూత తీసి పోయడం. అన్నిటికన్నా ఎక్కువగా నేను చూసింది, పురుగు మందు కలిపిన తడి మగ్గుతోనే టూటీ ఆయిల్ కొలవడం.

స్టెబిలైజర్ ఎప్పుడు పనిచేస్తుంది

బంకు నుంచి తెచ్చిన రోజే, లేబుల్ మీద రాసిన కొలతతో కలిపి, డబ్బా నిండుగా ఉంచి మూత బిగిస్తే పనిచేస్తుంది. ఇంజిన్‌లోనూ ఉంచాలనుకుంటే, పోశాక పది నిమిషాలు ఆడించాలి, అప్పుడే అది కార్బొరేటర్ దాకా చేరుతుంది. చెడిపోయిన పెట్రోలులో పోస్తే దాన్ని బాగుచేయదు. పంపు విషయంలో నేనైతే ఆ సీసా కూడా వద్దంటాను. ఆఖరి మందు కొట్టిన సాయంత్రం ట్యాంకు ఒంపేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా ఆడించి పెట్టండి. ఖర్చు లేదు.

బైకు, కారు: మైలేజీ తగ్గింది, ఐడిల్‌లో వణుకుతోంది

ఇంజెక్టర్ ఉన్న (కార్బొరేటర్ లేని) బండికి పాలీఈథర్ అమీన్ అనే మసి కడిగే రసాయనం ఉన్న క్లీనర్ ఒక ఫుల్ ట్యాంకుకి పోసి, ట్యాంకు అయ్యేదాకా హైవే మీద తిప్పితే మేలు చేస్తుంది. ఇంజిన్ ఆయిల్ మార్చే ముందు పోస్తే మంచిది. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే కొట్టే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వు మీద మసి మాత్రం దీనితో పోదు, అక్కడికి పెట్రోలే తగలదు. దీనికన్నా ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి.

పంపు ఆగడానికి మిగతా కారణాలు అరుదు. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే, మూత వదులు చేయగానే ఇంజిన్ కోలుకుంటుంది. సైలెన్సర్‌లో మసి నిండితే గీకేయాలి. కాయిల్, ఆయిల్ సీల్ పోవడం ఏడాదికి రెండో మూడో చూస్తాను.

చెడిన పెట్రోలు కాలవలోనో చేలోనో పోయకండి. మూత బిగించి మెకానిక్‌కి ఇచ్చేయండి.